వాడిన నూనెతో బయోడీజిల్: ఇంట్లో చేయొచ్చా?

వేపుళ్లకు వాడిన నూనెను సింకులో పారబోస్తే పైపుల్లో గడ్డకట్టి పేరుకుపోతుంది. అదే నూనె బండికి ఇంధనం అవుతుందంటే ఎవరికైనా ఉత్సాహం పుడుతుంది. ఆలోచన కొత్తదేం కాదు, 1900లోనే పారిస్ ప్రదర్శనలో డీజిల్ ఇంజిన్‌ను వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. ఇప్పటి పద్ధతి కూడా వినడానికి తేలికే. లీటరు నూనెకు దాదాపు 200 మిల్లీలీటర్ల మిథనాల్ (ఒక రకం విషపు ఆల్కహాల్), అందులో కరిగించిన కొద్దిపాటి కాస్టిక్ సోడా, 55 డిగ్రీల వేడి. బాగా కలిపి వదిలేస్తే గ్లిజరిన్ అడుక్కి దిగుతుంది, బయోడీజిల్ పైన తేలుతుంది.

ఈ తేలికదనం మీదే నా అభ్యంతరం. పని చెడేది కలిపేటప్పుడు కాదు, అంతకు ముందూ ఆ తర్వాతా.

పదేపదే కాగిన నూనెలో ఫ్యాటీ ఆసిడ్లు విడివడి ఉంటాయి. అవి కాస్టిక్ సోడాతో కలిసి సబ్బు అయిపోతాయి. నూనెలో తడి ఉంటే సబ్బు ఇంకా పెరుగుతుంది. అందుకే ప్రతి బ్యాచ్‌కూ టైట్రేషన్, అంటే నూనెలో ఆమ్లం ఎంతుందో కొలిచే పరీక్ష, చేసి తీరాలి. ఒక మిల్లీలీటరు నూనెను 10 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కరిగించి, ఆమ్లం తీరాక గులాబీ రంగు చూపే ఫినాల్ఫ్తలీన్ రెండు చుక్కలు వేసి, లీటరు డిస్టిల్డ్ వాటర్‌కు గ్రాము కాస్టిక్ సోడా కలిపిన ద్రావణాన్ని చుక్కచుక్కగా వదలాలి. గులాబీ రంగు వచ్చి కాసేపు నిలిచేసరికి 3 మిల్లీలీటర్లు పట్టిందనుకోండి, మామూలుగా లీటరు నూనెకు వేసే మూడున్నర గ్రాములకు ఇంకో మూడు కలపాలి. ఈ లెక్క వదిలేసి అందాజుగా వేస్తే డ్రమ్ము నిండా సబ్బు ముద్దే మిగులుతుంది.

అసలు టెన్షన్ మిథనాల్‌తోనే. 65 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, మామూలు గది వేడిలోనే దాని ఆవిరి అంటుకోగలదు. పగటి వెలుతురులో ఆ మంట సరిగా కనిపించదు కూడా. చర్మం గుండా ఒంట్లోకి పోతుంది, చూపు పోగొడుతుంది. పిల్లలు తిరిగే ఇంట్లో, పొయ్యి ఉన్న వంటగదిలో ఈ పని చేయడాన్ని నేను ఏ రకంగానూ సమర్థించలేను. పైగా మిథనాల్ ఎక్కువగా సహజ వాయువు నుంచే తయారవుతుంది కాబట్టి, ఈ ఇంధనం పూర్తిగా పర్యావరణహితమనీ చెప్పలేం.

తర్వాత నీళ్లతో కడగాలి, తడి ఆరబెట్టాలి, పరీక్షించాలి. 27 మిల్లీలీటర్ల మిథనాల్‌లో 3 మిల్లీలీటర్ల బయోడీజిల్ కలిపి చూస్తే, పూర్తిగా మారని నూనె అడుక్కి దిగిపోతుంది. అలాంటి సరుకు పోస్తే ఇంజిన్‌లోకి ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లు పాడవుతాయి. సరైన బయోడీజిల్ అయినా పాత ట్యాంకులోని మడ్డిని కరిగించి తెచ్చి ఫిల్టర్‌ను మూసేస్తుంది.

నా మాట ఒక్కటే. ఇంటి వంతు పని నూనెను వడగట్టి, నీళ్లు తగలకుండా మూతపెట్టి దాచడం. మిథనాల్‌తో పని మాత్రం ఇళ్లకు దూరంగా, గాలి ఆడే షెడ్డులో, కెమిస్ట్రీ తెలిసినవాళ్ల చేతుల్లో పదిమంది కలిసి నడుపుకోవాలి. 100 లీటర్ల నూనెకు పది లీటర్లకు పైగానే గ్లిజరిన్ దిగుతుంది, అందులో మిథనాల్, సబ్బు కలిసి ఉంటాయి. దాన్ని కాలువలో కలపకుండా ఎవరు తీసుకుంటారో తేల్చుకున్నాకే మొదటి బ్యాచ్ మొదలుపెట్టాలి.