అలారం పోయిందనుకుని పోపు వేస్తే

గుంటూరు నుంచి ఎమ్మెస్సీ చదవడానికి ఇంగ్లండులోని లీడ్స్‌కి వెళ్ళిన కుర్రాడు. నలుగురు కలిసి ఉండే అద్దె ఇల్లు. పొద్దున్నే వంటింట్లోకి వచ్చేసరికి ఫ్రిజ్ తలుపుకి చీటీ అంటించి ఉంది. పక్క గది ఇంగ్లీషు అబ్బాయి రాసిపెట్టి వెళ్ళాడు: ‘స్మోక్ అలారం వెంట్ ఆఫ్ ఎట్ సిక్స్. మిల్క్ హాజ్ గాన్ ఆఫ్. హీటింగ్ గోస్ ఆఫ్ ఎట్ నైన్. ఐ హావ్ గాన్ ఆఫ్ ఫిష్, హావ్ మైన్. ఆఫ్ టు యార్క్.’

మనవాడికి తెలిసిన ఆఫ్ ఒక్కటే, స్విచ్చిబోర్డు మీదది. ఆ ఒక్కదాంతోనే చీటీ మొత్తం చదివేశాడు. అలారం ఆరింటికి పనిచెయ్యడం మానేసింది. పాలు అయిపోయాయి. హీటింగు తొమ్మిదింటికి ఆగుతుంది. అబ్బాయి చేపల కోసం వెళ్ళాడు. యార్క్‌లో చేపలు చవక కాబోలు. అయిదింట్లో పూర్తిగా కరెక్టు హీటింగు ఒక్కటే. నూటికి ఇరవై, మన లెక్కలో ఫెయిలు.

చీటీలో ఉన్నది వేరు. అలారం ఆరింటికి మోగింది. పాలు పాడయ్యాయి. ఆ అబ్బాయికి చేపలంటే మొహం మొత్తింది, తన వాటా తినమంటున్నాడు. యార్క్‌కి బయల్దేరాడు.

ఫ్రిజ్‌లో సీసా నిండా పాలు కనిపించేసరికి మనవాడు ‘అయిపోయాయని దాచుకున్నాడు, పిసినారి’ అనుకుని టీలో పోశాడు. టీ విరిగింది. పోనీ పప్పులోకి పోపు పెడదామని మూకుట్లో మూడు చెంచాల నూనె పోశాడు. అలారం ఎటూ చచ్చింది కదా అని కిటికీ తెరవలేదు, పొయ్యి మీది ఫ్యాను వెయ్యలేదు. నూనె పొగలు కక్కేదాకా కాచి చెంచాడు ఆవాలు, ఆరు ఎండుమిరపకాయలు పడేశాడు. పొగ అలారం కూత మూడు మీటర్ల దూరంలో కూడా 85 డెసిబెల్స్ ఉండేలా తయారుచేస్తారు. చచ్చిందనుకున్నది నెత్తి మీదే కూసేసరికి మనవాడికి సగం ఊపిరి పోయింది. మిగతా ఊపిరి మిరపకాయల ఘాటు తీసేసుకుంది.

పై గదిలోంచి విజయవాడ సీనియర్ పరిగెత్తుకొచ్చాడు. “ఏరా, ఇల్లు తగలబెట్టావా?”

“అలారం పోయిందని రాశాడన్నా!”

“పోవడం కాదురా, మోగడం! ముందు ఓనరుకి ఫోన్ చెయ్యి.”

ఓనరు ఫోనెత్తి ‘హ్యాంగ్ ఆన్’ అన్నాడు, ఒక్క క్షణం లైన్లో ఉండమని. హ్యాంగ్ అనేది చెవిన పడగానే మనవాడు పెట్టేశాడు. అలా పెట్టెయ్యడానికి హ్యాంగ్ అప్ అని ఇంకోటుంది. మళ్ళీ చేస్తే ఆయన గట్టిగా ‘డోంట్ టేక్ ఇట్ డౌన్!’ అన్నాడు. రాసుకోవద్దంటున్నాడని మనవాడు పెన్ను పక్కన పెట్టి, కుర్చీ ఎక్కి, అలారాన్ని సీలింగు నుంచి ఊడదీశాడు. టేక్ డౌన్ అంటే రాసుకోవడమూ అవును, గోడకో సీలింగుకో ఉన్నదాన్ని కిందికి దించడమూ అవును. ఇంగ్లండు అద్దె ఇళ్ళలో ప్రతి అంతస్తుకీ ఒక పొగ అలారం ఉండి తీరాలని చట్టం, అందుకే ఆయన కంగారు. చాలా అలారాలకి మధ్యలో బటన్ ఉంటుంది. అది నొక్కితే కాసేపు నోరు మూస్తాయి. కుర్చీ ఎక్కినవాడు ఊడదీసే బదులు అదే నొక్కి ఉంటే సరిపోయేది.

ఇంత రభసకీ కారణం ఒక్క బుల్లి ఆఫ్. ఇదీ (off), మనం అఫ్, ఆవ్ అని పలికే ఇంకో చిన్నమాటా (of) ఒకప్పుడు ఒకటే. ‘దూరంగా, విడిగా’ అన్నది దాని పాత అర్థం. ఉన్నచోటు నుంచి కదిలితే ప్రయాణం. మంచి స్థితి నుంచి కదిలితే పాలు పాడవడం. ఇష్టం నుంచి కదిలితే మొహం మొత్తడం. తీగ నుంచి విడివడితే కరెంటు పోవడం. బిగబట్టి ఉంచిన పట్టు నుంచి విడివడితే తుపాకీ పేలడం, అలారం మోగడం. ఇలా చూస్తే అన్నీ చుట్టాలే, కానీ చుట్టరికం తెలిసే లోపల పోపు మాడిపోతుంది.

ఇంగ్లీషువాళ్ళకే ఈ తిక్క అనుకోనక్కర్లేదు. మనం పోవుని ఏం తక్కువ తిప్పుతున్నాం? కరెంటు పోయింది, పాలు విరిగిపోయాయి, వాడు వెళ్ళిపోయాడు, ఇల్లు కట్టడం అయిపోయింది. వాళ్ళు ఈట్ అప్, డ్రింక్ అప్, యూజ్ అప్ అంటే మనం తినేయ్, తాగేయ్, వాడేయ్ అంటాం. అక్కడి అప్‌కి పైకి వెళ్ళడంతో సంబంధం లేదు, మిగల్చకుండా పూర్తిచెయ్యడమే. కాగితం బర్న్ అప్ అవుతుంది, ఇల్లు మాత్రం బర్న్ డౌన్ అవుతుంది, కాలి కూలి నేలమట్టం అవుతుంది కాబట్టి. ఫారాన్ని ఫిల్ ఇన్ చేసినా ఫిల్ అవుట్ చేసినా ఒకటే. దీనికి తర్కం వెతకబోతే ఫారం గడువు దాటిపోతుంది.

శామ్యూల్ జాన్సన్ 1755లో ఇంగ్లీషు నిఘంటువు అచ్చువేసినప్పుడు ముందుమాటలోనే ఈ జాతి క్రియల్ని ఏకరువు పెట్టి, పరాయివాళ్ళకి ఇవి కొరకరానివని ఒప్పుకున్నాడు. ఆ ఏకరువులో టేక్ ఆఫ్ ఉంది, సెట్ ఆఫ్ కూడా ఉంది. ఇలా క్రియకి ఆఫ్, అప్ లాంటి చిన్నమాట తగిలించిన జంటకి ఫ్రేజల్ వెర్బ్ అనే పేరు 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ అనే రచయిత రాతలో అచ్చయింది. జబ్బుకి పేరు దొరికింది, అంతే.

కుదిరినంత వరకు ఒక నియమం ఉంది, పట్టుకుంటే పనికొస్తుంది. చెత్తడబ్బా బయట పెట్టమనడానికి ‘పుట్ అవుట్ ద బిన్’ అనొచ్చు, ‘పుట్ ద బిన్ అవుట్’ అనీ అనొచ్చు. బిన్ బదులు ఇట్ వచ్చిందో, అది మధ్యలోనే కూర్చోవాలి: ‘పుట్ ఇట్ అవుట్’. ‘పుట్ అవుట్ ఇట్’ అనకూడదు. (బిన్‌కి నిప్పంటుకుని ఉంటే ‘పుట్ ఇట్ అవుట్’కి ఆర్పడం అని అర్థం. ముందు చూసి ఆ తర్వాత కదలండి.) లుక్ ఆఫ్టర్ (కనిపెట్టుకుని చూసుకోవడం) దగ్గర మాత్రం ఈ ఆట చెల్లదు. ‘లుక్ ఆఫ్టర్ ద బాయ్’ అన్నా ‘లుక్ ఆఫ్టర్ హిమ్’ అన్నా పిల్లాడు ఎప్పుడూ చివరే. తేడా చెవితో పట్టొచ్చు. పుట్ ఇట్ అవుట్‌లో అవుట్‌ని ఒత్తి పలుకుతారు, లుక్ ఆఫ్టర్ హిమ్‌లో ఆఫ్టర్‌ని తేల్చేస్తారు. ఇదే జంట నామవాచకమైతే ఒత్తు ముందుకి దూకుతుంది. చెకప్, లాకప్, బ్యాకప్, బ్రేక్‌డౌన్ మన దగ్గరికి అలా అచ్చులో పోసినట్టు వచ్చినవే. అందుకే అవి రెండు మాటలని మనకి గుర్తుండదు.

గుర్తుండని చోట మనమే కొత్తవి పుట్టిస్తాం. మన ప్రభుత్వ కార్యాలయాల్లో ఫైలుని అధికారి ముందు పెట్టడం పుటప్ చెయ్యడం. ‘వేర్ ఆర్ యూ పుట్ అప్?’ అంటే ఎక్కడ దిగారని. ఇక ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019’ సంగతి. మన దగ్గర డిగ్రీ పూర్తయిందని అర్థం. బ్రిటన్‌లో సైనిక శిక్షణ ముగించినవాళ్ళకి ఆ మాట చెల్లుతుంది, పాసింగ్ అవుట్ పరేడ్ అక్కడిదే. అమెరికా ఇంటర్వ్యూలో మాత్రం ‘2019లో స్పృహ తప్పాను’ అని వినిపిస్తుంది. పోనీ అదొక్కసారేనా అని వాళ్ళు మర్యాదకి అడగరు. గ్రాడ్యుయేటెడ్ అంటే గొడవ లేదు.

బ్రిటనూ అమెరికా కూడా వాష్ అప్ దగ్గర విడిపోతాయి. అమెరికా అతిథి భోజనానికి ముందు వాష్ అప్ చేసుకొస్తానంటే చేతులు, మొహం కడుక్కోవడానికి. లండన్ ఇల్లాలికి మాత్రం గిన్నెలు తోముతానన్నట్టు వినపడి మొహం వెలిగిపోతుంది.

అన్నిటికన్నా ఎక్కువ తడబాటు ఆస్పత్రిలో. బ్రిటన్ వెళ్ళే మన డాక్టర్లకి, నర్సులకి లాటిన్ పేర్లన్నీ కంఠతా వచ్చు, రోగి నోటి మాటలే రావు. స్వెల్లింగ్ గాన్ డౌన్ అంటే వాపు తగ్గింది. కమ్ అవుట్ ఇన్ ఎ రాష్ అంటే ఒంటి మీద దద్దుర్లు లేచాయి. కమ్ డౌన్ విత్ అంటే జబ్బున పడటం, కమ్ రౌండ్ అంటే స్పృహలోకి రావడం. వేర్ ఆఫ్ అంటే మందు ప్రభావం దిగిపోవడం. బ్రింగ్ అప్‌కి కనీసం మూడు అర్థాలున్నాయి: పిల్లల్ని పెంచడం, మాట ఎత్తడం, కడుపులోదో గొంతులోదో బయటికి కక్కడం.

రాత్రంతా నలతగా ఉన్న నాలుగేళ్ళ పిల్లాణ్ణి ఎత్తుకొచ్చిన మన తండ్రిని డాక్టరమ్మ అడిగింది: ‘హాజ్ హీ బ్రాట్ ఎనీథింగ్ అప్?’

తండ్రి కాస్త నొచ్చుకున్నాడు. ‘నో మేడమ్. వీ బ్రాట్ హిమ్ అప్.’

ఆవిడ కలం ఆపి, ఈసారి వామిటింగ్ అని అడిగింది. ‘ఎస్ మేడమ్, త్రీ టైమ్స్.’