ఫ్రేజర్ లోయలో రైళ్లు కొద్ది రోజుల్లో లేస్తాయి, ఊళ్లు లేవవు

కెనడా లోపలి మైదానాల్లో పండే గోధుమలు, పప్పుధాన్యాలు, అక్కడి గనుల్లో తవ్వే పొటాష్, రాకీ పర్వతాల బొగ్గు పడమటి తీరంలోని వాంకూవర్ రేవుకు చేరాలంటే చాలావరకు ఒకే ఇరుకు దారిలో దిగాలి. బ్రిటిష్ కొలంబియాలో ఫ్రేజర్ నది, దానిలో కలిసే థామ్సన్ నది కొండల్ని కోసుకుంటూ పారే లోయ అది. ఆ లోయలో రెండు రైల్వే కంపెనీల పట్టాలున్నాయి, ట్రాన్స్ కెనడా హైవే ఉంది, నలాకాపముక్స్ అనే ఆదివాసీ జాతి వేల ఏళ్లుగా కాపురముంటున్న ఊళ్లున్నాయి. వేసవిలో ఎండిన గడ్డి, పాండరోసా పైన్ అడవి కూడా అక్కడే ఉన్నాయి. ఆ దారి భద్రత గురించి చర్చ వచ్చినప్పుడల్లా సరుకు ఎన్ని రోజులు ఆగిందన్నదే కొలమానమవుతోంది. అది తప్పుడు కొలమానమని నా అభిప్రాయం.

2021 జూన్ చివరి వారంలో ఏం జరిగిందో ముందు చూడాలి. ఫ్రేజర్, థామ్సన్ నదులు కలిసే చోట లిట్టన్ అనే చిన్న ఊరుంది. ఊరి జనాభా దాదాపు 250. చుట్టుపక్కల ఆదివాసీ రిజర్వుల్లో అంతకు చాలా రెట్ల మంది ఉంటారు. జూన్ 27న అక్కడ 46.6 డిగ్రీలు, 28న 47.9 డిగ్రీలు, 29న 49.6 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైంది. కెనడా చరిత్రలో అంతకు ముందెన్నడూ 45 డిగ్రీలే దాటలేదు. రెంటచింతలలోనో రామగుండంలోనో 47 డిగ్రీలంటే మనకు భయంతో పాటు కొంత అలవాటు కూడా ఉంది. కానీ లిట్టన్ ఉన్నది 50వ అక్షాంశానికి కాస్త పైన. జూన్ 30 సాయంత్రం ఊరి దక్షిణపు అంచున పుట్టిన మంట, లోయ వెంట ఎగువకు వీచే గాలితో నిమిషాల్లో ఊరిని చుట్టేసింది. మేయర్ ఊరు ఖాళీ చేయమని ఉత్తర్వు ఇచ్చేసరికే జనం కట్టుబట్టలతో కార్లెక్కి పారిపోతున్నారు. ఇద్దరు చనిపోయారు. ఊరిలో దాదాపు 90 శాతం బూడిదైంది.

లోయ స్వభావమే ఇందుకు సగం కారణం. సముద్రం నుంచి వచ్చే మేఘాలు కోస్ట్ పర్వతాలకు అవతలే కురిసిపోవడం వల్ల లిట్టన్ ప్రాంతం వర్షచ్ఛాయలో ఉంటుంది. ఏటవాలు కొండల మీద మంట తన పైనున్న చెట్లను ముందే వేడెక్కించి ఎండబెట్టుకుంటూ ఎక్కుతుంది కాబట్టి, చదును నేల మీద కంటే ఎన్నో రెట్లు వేగంగా పాకుతుంది. మధ్యాహ్నం దాటాక లోయ గాలిని గొట్టంలా లాగుతుంది. మిగతా సగం మనుషులు చేసుకున్నది. ఆదివాసీలు తడి రుతువుల్లో చిన్న చిన్న మంటలు పెట్టి అడుగున పేరుకున్న ఎండు గడ్డిని, కంపను తగ్గించే పద్ధతి ఇక్కడ తరతరాలుగా ఉండేది. 1874లో బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వం బుష్ ఫైర్ చట్టం తెచ్చి ఇలా మంట పెట్టడాన్ని నేరం చేసింది. ఆ తర్వాతి శతాబ్దమంతా అటవీ శాఖలు ప్రతి మంటనూ ఆర్పుతూ వచ్చాయి; ఆర్పిన ప్రతిసారీ తర్వాతి మంటకు కట్టె మిగిలింది.

ఇలాంటి చోటికి రైలు ఎలా వచ్చిందో చూస్తే ఇప్పటి చిక్కు అర్థమవుతుంది. కెనడియన్ పసిఫిక్ రైల్వే 1880ల్లో ఈ లోయలో పట్టాలు వేసింది. సొరంగాలు తొలిచే పనిలో వేలమంది చైనా కూలీలు పాటుపడ్డారు, వందలమంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. మెరుగైన గట్టు మొదటి కంపెనీకి పోవడంతో, 1915 నాటికి పూర్తయిన రెండో మార్గం (ఇప్పుడు కెనడియన్ నేషనల్ కంపెనీది) చాలా చోట్ల ఎదుటి గట్టున ఇంకా కష్టమైన కొండను తొలుచుకోవలసి వచ్చింది. ఆ పేలుళ్ల ఫలితంగా 1914లో హెల్స్ గేట్ వద్ద కొండచరియ విరిగి నదిలో పడి, గుడ్లు పెట్టడానికి ఎదురీదే సాల్మన్ చేపల దారి మూసుకుపోయింది. చేపలు పైకెక్కడానికి మెట్ల కాలువలు కట్టింది 1940ల్లో. చేపే ఆధారంగా బతికే ఊళ్లు అప్పటిదాకా, ఆ తర్వాత కూడా, ఆ నష్టాన్ని మోశాయి. రవాణా లాభం ఒకరిది, లోయలో దాని ఖర్చు ఇంకొకరిది అన్న లెక్క అప్పుడే మొదలైంది.

రెండు కంపెనీల పట్టాలున్నాయి కాబట్టి ఒకటి దెబ్బతింటే రెండోది ఆదుకుంటుందని బయటివారు అనుకుంటారు. వాస్తవం వేరు. లోయలో ఎదురెదురు రైళ్లు ఒకదానికొకటి దారి ఇచ్చుకునే అవస్థ తప్పించడానికి రెండు కంపెనీలూ ఒప్పందం చేసుకుని, రేవు వైపు దిగే రైళ్లను కెనడియన్ నేషనల్ పట్టాల మీద, తూర్పుకు తిరిగి వెళ్లేవాటిని కెనడియన్ పసిఫిక్ పట్టాల మీద నడుపుతున్నాయి. సామర్థ్యం దృష్ట్యా ఇది తెలివైన ఏర్పాటే. కానీ ఏ గట్టున మంట లేచినా రెండు కంపెనీల రాకపోకలూ దెబ్బతింటాయి. పైగా కొన్ని రైళ్ల పొడవు మూడు కిలోమీటర్లు దాటుతుంది. వాటిని మధ్యలో ఆపి పక్కకు తీయడానికి ఈ కొండల్లో చోటుండదు. ఫ్రేజర్ వెంటే ఇంకా ఎగువన లిల్లూయెట్ గుండా నార్త్ వాంకూవర్ వైపు దిగే పాత మార్గంలో కొంత భాగాన్ని వదులుకుంటున్నట్టు కెనడియన్ నేషనల్ 2025లో ప్రకటించింది. ప్రత్యామ్నాయాలు పెరగవలసిన కాలంలో తగ్గుతున్నాయి.

లిట్టన్ మంటకు కొద్దిసేపటి ముందు ఊరి గుండా ఒక బొగ్గు రైలు వెళ్లింది. చక్రాల రాపిడి, బ్రేకుల నుంచి రాలే నిప్పురవ్వలు, ఇంజన్ పొగగొట్టంలోంచి ఎగిరే మండే మసి పట్టాల పక్కన గడ్డిని అంటించడం రైల్వేలకు కొత్త కాదు కాబట్టి అనుమానం అటే వెళ్లింది. అయితే ఈ మంటను రైలుతో ముడిపెట్టే ఆధారమేదీ దొరకలేదని రవాణా భద్రతా బోర్డు 2021 అక్టోబరులో తేల్చింది. ఆ నిర్ణయాన్ని గౌరవించాలి. కానీ ఒక నిప్పురవ్వకు బాధ్యులెవరో తేలకపోతే చేయవలసిన పనే లేదన్నట్టు చర్చ ముగియడం సరికాదు. రవ్వ సిగరెట్టుదైనా, కారుదైనా, పిడుగుదైనా, ఊరినీ హైవేనీ రెండు పట్టాలనూ ఒకే సన్నని పట్టీలో ఇరికించిన భూగోళం మారదు.

మంట తర్వాతి వారం అంతకంటే బాధ కలిగిస్తుంది. ఊరివాళ్లను తమ ఇళ్ల బూడిదనైనా చూసుకోనివ్వక ముందే సరుకు రైళ్లు ఆ బూడిద మధ్య నుంచి తిరగడం మొదలైంది. నలాకాపముక్స్ పెద్దలు తీవ్రంగా అభ్యంతరం చెప్పాక, ఫెడరల్ రవాణా మంత్రి ఒమర్ అల్‌గాబ్రా రైళ్లను తాత్కాలికంగా ఆపించి, ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు వేగం తగ్గించాలని, పట్టాల వెంట మంటల గస్తీ తిరగాలని, రగిలే చెత్తను తొలగించాలని ఉత్తర్వు ఇచ్చారు. మంచి షరతులే. కానీ ఇవన్నీ ఊరు కాలిపోయాక వచ్చాయి. 2023 జూన్ నాటికి, అంటే రెండేళ్లు గడిచినా, ఊరిలో ఒక్క ఇల్లూ తిరిగి లేవలేదు. నేలలో విషపదార్థాల శుద్ధి, పురావస్తు తవ్వకాలు, బీమా తగాదాలు, కాలిపోయిన పంచాయతీ రికార్డులు, ఇలా ప్రతి అడుగుకూ ఒక కారణం ఉంది. ఆ కారణాలన్నీ నిజమే. అయినా రైలుకు దొరికిన తొందర ఊరికి ఎందుకు దొరకలేదన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

మంట వచ్చిన 2021లోనే, నవంబరు మధ్యలో కుండపోత వానకు ఈ లోయలో రైలు కట్టలు, హైవే కొట్టుకుపోయాయి. 1986లో తెరిచిన కోకిహాలా రహదారి కూడా తెగడంతో వాంకూవర్‌కు మిగతా కెనడాతో నేల మార్గమే లేకుండా పోయింది. కాలిన కొండ నీటిని పట్టి ఉంచలేదు. వేర్లు లేని మట్టి, బండలు కలిసి కిందికి జారతాయి. అందుకే మంట, వరద వేర్వేరు శాఖల దస్త్రాల్లో ఉండవలసిన విషయాలు కావు. 2022లో లిట్టన్ ఎదుటి గట్టున మళ్లీ మంట, 2023 ఆగస్టులో కూకిపి క్రీక్ మంట వల్ల హైవే మూసివేత చూశాక, 2021ని వెయ్యేళ్లకోసారి వచ్చే విపత్తుగా లెక్కగట్టి పక్కన పెట్టే అవకాశమూ లేదు.

చేయవలసినవాటిలో మొదటిది, పట్టాల వెంట, హైవే వెంట కంప తొలగింపును, గస్తీని ఏటా వసంతంలోనే మొదలయ్యే పనిగా మార్చి, ఎక్కడ ఎంత చేశారో ఊళ్లకు తెలిసేలా ప్రకటించడం. రెండోది, సంప్రదాయ మంటలు పెట్టే అధికారాన్ని, అందుకు డబ్బును ఆదివాసీ సంఘాలకే అప్పగించడం. రాష్ట్ర అటవీ మంటల శాఖ ఇప్పటికే వారితో కలిసి కొన్ని చోట్ల చేస్తున్నా, ఈ లోయకు కావలసిన స్థాయి వేరు. అన్నిటికంటే ముఖ్యం, ఎండ ఫలానా స్థాయి దాటితే రైళ్లు ఆపాలా వద్దా అన్న నిర్ణయంలో నలాకాపముక్స్ ప్రతినిధులకు సలహా చెప్పే కుర్చీ కాక ఓటు ఉండడం.

ఇందులో మనకూ సంబంధం ఉంది. భారత్ దిగుమతి చేసుకునే మసూర్ పప్పు, పసుపు బఠానీల్లో పెద్ద వాటా కెనడా మైదానాల్లోని సస్కాచెవాన్ రాష్ట్రపు పొలాలది. మన దేశానికి అవసరమైన పొటాష్ దాదాపు అంతా విదేశాలదే. గోదావరి డెల్టా వరి మడిలో రైతు చల్లే పొటాష్‌లో కొంత ఈ లోయ గుండా దిగినదే కావచ్చు. కంప నరకడానికి, గస్తీకి, కొన్ని మండుటెండ రోజుల్లో రైళ్లను ఆపడానికి అయ్యే ఖర్చు టన్ను సరుకు మీద పంచితే స్వల్పంగానే తేలుతుందని నా అంచనా. దాన్ని కొనుగోలుదారుల ధరలోనే కలపాలి, మనతో సహా. లిట్టన్ వాళ్లు తమ ఇళ్లతో ఇప్పటికే చాలా చెల్లించారు.