పాత పటం చేసిన ఆక్రమణ

కొల్లేటి ఆక్రమణల మీద ఇన్నేళ్లుగా కొట్టుకుంటున్నాం గానీ, అసలు ఆక్రమణదారును ఎవరూ పట్టుకోలేదు. నేను పట్టుకున్నాను. సర్వే ఆఫ్ ఇండియా వారి 65 హెచ్ నంబరు షీట్లలో దాక్కుని ఉంది. 20వ శతాబ్దం మొదట్లో అంగుళానికి మైలు లెక్కన గీసిన ఆ పటాల్లో, ఇవాళ మనవాళ్లు ముచ్చటగా చేపల చెరువులు తవ్వుకున్న చోట, ఒక సరస్సు కాళ్లు బారజాపుకుని కూర్చుంది. ఏ పట్టా చూపించిందో, అడంగల్లో ఎవరి పేరుందో అడిగిన నాథుడు లేడు.

పైగా ఆ దొరలకు కాంటూరు (సముద్రమట్టం నుంచి ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) అంటే లెక్కలేదు. మనకు అదెంత ప్రాణసంకటం! 1999లో +5 అడుగుల కాంటూరు దాకా, అంటే 308 చదరపు కిలోమీటర్లు, పక్షుల అభయారణ్యం అన్నారు. కాదు, +3కి దించాలని 2008లో శాసనసభే తీర్మానం చేసింది. ఆ రెండడుగుల మీద ఎన్ని కమిటీలు తిరిగాయి, ఎన్ని ఎన్నికల హామీలు గట్టెక్కాయి! తీరా పటం విప్పి చూస్తే కాంటూర్లు 50 అడుగులకు ఒకటి. మన గొడవ మొత్తం మొదటి గీతకు కూడా అందలేదు. కొల్లేరును వట్టి పళ్లెం అనుకున్నారు కాబోలు. (పళ్లెమే అనుకోండి, అది వేరే సంగతి.)

2006లో పొక్లెయిన్లు తెచ్చి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. తర్వాత గట్లు మళ్లీ లేచాయి. గుర్రపుడెక్క కూడా అంత తొందరగా పెరగదు.

ఈ పటం వల్ల జరిగే అనర్థం ఇంతింత కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు బెజవాడ ఇళ్లలోకి వచ్చింది కదా, ఆ ఏరు పోవాల్సింది కొల్లేటికే. ఇప్పటికీ దాని చేతిలో పాత షీటే ఉన్నట్టుంది. కొత్త లేఅవుట్లు ఏవీ అందులో ఎక్కలేదు. కొల్లేటికే వచ్చే తమ్మిలేరు దగ్గరా ఇదే షీటు. గూడబాతులు సరేసరి, ఏటా కొల్లేటి పక్కనున్న ఆటపాక వచ్చేస్తాయి, నివాస ధ్రువపత్రం మాత్రం అడగకూడదు.

అందుకని నా విన్నపం ఒక్కటే. పదిహేను రోజుల్లో ఖాళీ చేయమని సరస్సుకు నోటీసు ఇవ్వాలి. తీసుకోకపోతే తలుపుకి అంటించి రావాలి, రూలు అదే. ఆ తలుపు ఎక్కడుందా అని పటమంతా వెతికాను. సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే కనిపించింది. వెళ్లి చూస్తే అది సగం పూడిపోయి, రెండు పక్కలా గట్లతో ఇరుక్కుని, ముందే మూసేసినట్టుంది.