షట్టరు పగిలిన కొట్టుకు మన కార్పొరేషన్ ఏమిస్తుంది?

కొట్లో దొంగలు పడి సరుకు పట్టుకుపోతే, ఆ సరుకు మీద అప్పటికే తీసుకున్న జీఎస్టీ క్రెడిట్‌ను, అంటే కొన్నప్పుడు కట్టి తర్వాత మన పన్నులో తగ్గించుకున్న జీఎస్టీని, ప్రభుత్వానికి తిరిగి కట్టాలి. ఈ మాట చెబితే చాలామంది నమ్మరు. సీజీఎస్టీ చట్టం సెక్షన్ 17(5)(హెచ్) తీసి చూడండి. పోయిన సరుకు, దొంగలెత్తుకెళ్ళిన సరుకు, పాడైపోయిన సరుకు, వేటికీ క్రెడిట్ చెల్లదు. వరదలో తడిసి రోడ్డు మీద పారబోసిన బస్తాలకీ ఇదే రూలు.

నేను బెజవాడలో చిన్న కొట్లకు లెక్కలు రాసి రిటర్నులు వేస్తుంటాను. అందుకే ఈ మాట ఆ కొట్టు మనిషికి చెప్పాల్సింది ఎప్పుడూ నేనే. తాళం పగిలిన షట్టరు సగానికి ఆగిపోయి ఉంటుంది, లోపల అరలు ఖాళీగా ఉంటాయి, ఆయన పొద్దుట్నుంచి టీ కూడా తాగి ఉండడు. అలాంటి మనిషితో "అన్నా, ఈ నెల రిటర్నులో ఇంత వెనక్కి కట్టాలి" అనాలి. నష్టపోయిన వాడి దగ్గర వసూలు చేసుకోవడానికి ఇంత పక్కాగా సెక్షను రాసి పెట్టుకున్నాం. అదే మనిషికి నాలుగు రూపాయలు ఇచ్చి మళ్ళీ షట్టరు ఎత్తించడానికి మాత్రం ఒక్క కాగితం రాసుకోలేదు. నా కోపమంతా దాని మీదే.

వరదలప్పుడు ఇచ్చారు కదా అంటారు. ఇచ్చారు, కాదనను. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగుకు గండ్లు పడి సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ మునిగినప్పుడు, అటు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారుతున్నప్పుడు, ఈ ఊళ్ళో చిన్న వ్యాపారి ఇక లేవడనుకున్నాం. అదే నెలలో ప్యాకేజీ ప్రకటించారు. గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్ళకు 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు, చిన్న కొట్లకు 25 వేలు, కొంచెం పెద్ద యూనిట్లకు టర్నోవరును బట్టి 50 వేల నుంచి లక్షన్నర దాకా. డబ్బు నేరుగా ఖాతాల్లో వేశారు. అంటే ఇంటింటికీ తిరిగి లెక్క రాయడం మన అధికారులకు వచ్చు, కొట్టుకింత అని రేటు కట్టడం వచ్చు, వారాల్లో డబ్బు వేయడమూ వచ్చు. చేతకాక కాదు, ఊరంతా మునిగితే తప్ప చెయ్యాలని అనుకోవడం లేదు, అంతే.

అందులోనూ లోటు లేకపోలేదు. సింగ్ నగర్‌లో నాకు తెలిసిన ఒక టైలరమ్మ ఉంది. ఇంటి ముందు గదే కొట్టు. బోర్డు లేదు, లైసెన్సు లేదు, ఇరవై ఏళ్ళ నుంచి బ్లౌజులు కుడుతోంది. ఆవిడ మిషను మోటారు బురద పట్టి పోయింది, అది ఒక నష్టం. అసలు నష్టం వేరే. శ్రావణ మాసం పెళ్ళిళ్ళకు ఫాల్స్ వేయమనీ, పికో కొట్టమనీ ఊళ్ళోవాళ్ళు ఇచ్చిన పట్టుచీరలు చెక్క బీరువా కింది అరలో ఉన్నాయి. నీళ్ళు తీశాక వాటిని బయటికి లాగితే ఒక చీర రంగు ఇంకో చీరకు అంటుకుని, జరీ మధ్యలో బురద గడ్డకట్టి, మడత విప్పితే మడత దగ్గరే చిరిగిపోయాయి. అవి ఆవిడవి కావు. ఒక్కో చీర ఆవిడ మిషను కంటే ఖరీదు. రాసుకోవడానికి వచ్చిన వాళ్ళు ఇంటి కింద రాశారు, కొట్టు కింద రాయలేదు. ఇల్లూ కొట్టూ ఒకటే అయిన వాళ్ళకు రెండు నష్టాలుంటాయని ఆ ఫారంలో చోటే లేదు. ఆవిడ ఇప్పటికీ కొందరికి కూలి తీసుకోకుండా కుట్టి బాకీ తీర్చుకుంటోంది.

సరే, వరద ఊరందరిదీ. టీవీలొచ్చాయి, మంత్రులొచ్చారు, పడవలొచ్చాయి. దొంగ ఒక్క కొట్టుకే వస్తాడు. రాత్రి తాగి వచ్చి అద్దం మీద రాయి విసిరే వాడు కూడా ఒక్క కొట్టు మీదే విసురుతాడు. పొద్దున పక్క కొట్లవాళ్ళు వచ్చి అయ్యో అని కాసేపు నిలబడి బేరాలకు వెళ్ళిపోతారు, వాళ్ళ తప్పేం లేదు. నష్టం మాత్రం ఆ మనిషికి బుడమేరు అంతా వచ్చి మీద పడ్డట్టే.

సెల్‌ఫోన్ రిపేరు కొట్టు సంగతే చూడండి. కౌంటరు కింద డబ్బాలో ఉండేవి తన ఫోన్లు కావు, స్క్రీను మార్చమని జనం ఇచ్చినవి. ఒక్కోదానికి రబ్బరు బ్యాండు వేసి చీటీ మీద పేరు రాసి ఉంటుంది. ఆ డబ్బా పోయిందనుకోండి, తెల్లారేసరికి ఆ చీటీల మీద పేర్లున్న వాళ్ళంతా కొట్టు ముందు నిలబడతారు. దొంగ ఎవరో వాళ్ళకు అనవసరం, నా ఫోను ఏదీ అంటారు. అడగడంలో తప్పు లేదు. కానీ ఆ కుర్రాడు ఎక్కడి నుంచి తేవాలి?

ఇన్సూరెన్సు లేదా అంటారు వెంటనే. ఉంది. 5 కోట్ల లోపు ఆస్తులున్న చిన్న వ్యాపారాల కోసం 2021 ఏప్రిల్ నుంచి 'భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష' అనే పాలసీ ఉంది. వరద, అగ్నిప్రమాదం, అల్లర్లు, కావాలని చేసిన విధ్వంసం, ఇవన్నీ అందులో వస్తాయి. అలాంటిది జరిగిన 7 రోజుల్లోపు దానివల్ల దొంగతనం జరిగితే అదీ వస్తుంది. అంటే నీళ్ళలో ఉన్న కొట్లో ఎవడైనా దూరితే పాలసీ పలుకుతుంది. మామూలు రోజున తాళం పగలగొట్టి ఎత్తుకెళ్తే మాత్రం దొంగతనం కవరు విడిగా తీసుకుని ఉండాలి. ఈ తేడా ఎంతమందికి ఎవరు చెప్పారు? సీసీ లోను (సరుకు చూపించి తీసుకునే క్యాష్ క్రెడిట్ అప్పు) ఉన్న కొట్లకు బ్యాంకు తనే పాలసీ చేయించి ప్రీమియం ఖాతాలో కోసుకుంటుంది. అందులో దొంగతనం ఉందో లేదో కొట్టు ఆయనకు తెలియదు, పాలసీ కాగితం చూసి ఉండడు. ఈ పోస్టు చదువుతున్న వ్యాపారులెవరైనా ఉంటే రేపు బ్యాంకుకు వెళ్ళి ఆ కాగితం అడిగి తీసుకోండి. లైసెన్సు లేని టైలరమ్మకు, తోపుడుబండి వాళ్ళకు ఈ మాటే వర్తించదు. వాళ్ళకున్నది, వీధి వ్యాపారులకిచ్చే పీఎం స్వనిధి లాంటి అప్పు. పోగొట్టుకున్న వాడికి ఇంకో అప్పు.

చట్టంలోనైనా దారి ఉందా అంటే, సగం ఉంది. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలో సెక్షన్ 173 కింద ఫిర్యాదు ఆన్‌లైన్‌లో పంపొచ్చు, పంపిన మనిషి మూడు రోజుల్లో దాని మీద సంతకం పెట్టాలి, పోలీసులు ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. దొరికిన సొత్తును ఫొటోలూ వీడియో తీసి, ఆ తర్వాత 30 రోజుల్లో ఎవరికి అప్పగించాలో కోర్టు తేల్చాలని సెక్షన్ 497 చెబుతోంది. బాధితులకు పరిహారం గురించి సెక్షన్ 396 ఉంది, అందులో 'నష్టం లేదా గాయం' అనే రాశారు. కానీ దాని కింద రాష్ట్రాలు పెట్టే పరిహార పథకాల పట్టికల్లో కనిపించేవి ప్రాణాలు పోవడం, అవయవాలు పోవడం, అత్యాచారం, యాసిడ్ దాడుల లాంటివి. వాటికి ముందు ఇవ్వాల్సిందే, అందులో రెండో మాట లేదు. అయితే బతుకుతెరువు పోవడం కూడా నష్టమే కదా, దానికి ఏదో ఒక మూల ఒక వరుస ఉండకూడదా?

ఈ ఊళ్ళో చేతిలో డబ్బు లేని వ్యాపారి ఎక్కడికి వెళ్తాడో మనకు తెలుసు. 2015 డిసెంబరులో కాల్‌మనీ గొడవ, అంటే అడిగిన వెంటనే అప్పిచ్చి విపరీతమైన వడ్డీ పిండే వ్యాపారం, బయటపడినప్పుడు రాష్ట్రమంతా బెజవాడ వైపు చూసింది. ఆ వ్యాపారం పేరు మార్చుకుంది తప్ప పోలేదు, రోజువారీ ఫైనాన్సు కుర్రాళ్ళు సాయంత్రం పుస్తకం పట్టుకుని తిరగడం మీరూ చూస్తున్నారు. షట్టరు బాగు చేయించడానికీ, రెండు రోజుల సరుకు తేవడానికీ తీసుకున్న ఇరవై వేలు ఏడాది తిరిగేసరికి ఎంతవుతాయో నా దగ్గర లెక్కలు రాయించుకునే వాళ్ళ పుస్తకాల్లో చూస్తున్నాను. కొట్టు మూయించేది దొంగతనం కాదండీ, ఆ తర్వాత చేసిన అప్పు.

బయట కొన్ని నగరాలు దీనికి ఒక చిన్న దారి వెతికాయి. శాన్‌ఫ్రాన్సిస్కో 2021లో, సియాటిల్ 2022లో, అద్దాలు పగిలిన, తాళాలు విరిగిన చిన్న కొట్లకు మరమ్మతు కోసం 2,000 డాలర్ల వరకు గ్రాంటు పెట్టాయి. అప్పు కాదు, గ్రాంటు. పోయిన సరుకంతా కట్టిస్తామని అనలేదు, కొట్టు ముందు భాగం బాగు చేసుకుని మళ్ళీ తెరవండి అన్నారు. వాళ్ళ ఆదాయాలు వేరు, మనవి వేరు, నేనూ ఒప్పుకుంటాను. ఆ కొలత మాత్రం మనకు పనికొస్తుంది: నష్టమంతా కాదు, తిరిగి తెరవడానికయ్యే ఖర్చు.

మన కార్పొరేషన్ ప్రతి ఏడాదీ ట్రేడ్ లైసెన్సు ఫీజు తీసుకుంటుంది. అందులోంచి కొంత పక్కన పెట్టి ఒక నిధి చెయ్యండి. ఎఫ్ఐఆర్ కాపీ, పగిలిన చోటు ఫొటో, వెల్డింగు వాడి బిల్లో అద్దాల కొట్టు బిల్లో చూపిస్తే పదిహేను రోజుల్లో పాతిక వేల లోపు ఖాతాలో వెయ్యండి. వరదకు కట్టిన రేటే ఇది, నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. బిల్డింగు ఓనరు పేరు మీద కాదు, అద్దెకుండి వ్యాపారం చేసుకునే మనిషి పేరు మీద వెయ్యండి, ఎందుకంటే షట్టరు బాగు చేయించుకునేది మన దగ్గర ఎక్కువగా అద్దెకున్న వాళ్ళే. లైసెన్సు లేని వాళ్ళను గెంటెయ్యకండి, ఆ దరఖాస్తుతోనే లైసెన్సు ఇచ్చెయ్యండి, మీకూ వచ్చే ఏడాది నుంచి ఫీజు వస్తుంది.

డబ్బు కోసం తప్పుడు ఫిర్యాదులు పెడతారని ఒక పెద్దాయన నాతో వాదించారు. పాతిక వేల కోసం తన షట్టరు తనే విరగ్గొట్టుకుని, తప్పుడు ఫిర్యాదు ఇచ్చి కేసులో ఇరుక్కుని, వారం రోజుల బేరం పోగొట్టుకునే వ్యాపారిని నేనింతవరకు చూడలేదు. ఒకరిద్దరు ఉంటారే అనుకుందాం, ఉంటే పట్టుకోండి. వాళ్ళ పేరు చెప్పి మిగతా వాళ్ళకు ఎగ్గొట్టడం న్యాయం కాదు. ఇంకొకరు, డబ్బు పంచే బదులు రాత్రిపూట గస్తీ పెంచమనొచ్చు కదా అన్నారు. పెంచాలి. వన్‌టౌన్ సందుల్లో, ఆటోనగర్‌లో వీధిలైట్లు కూడా వెలగాలి. రెండూ అడుగుదాం, ఒకటి అడిగితే రెండోది అడగకూడదని ఎక్కడా లేదు.

సోమవారం గ్రీవెన్స్‌లో కార్పొరేషన్ ఆఫీసులో ఈ నిధి గురించి అర్జీ ఇస్తున్నాను, ఒక్కడి కాగితానికి రసీదు తప్ప ఏమీ రాదు కాబట్టి మీరూ రండి. గత రెండేళ్ళలో కొట్టు పగిలిన వాళ్ళు, సరుకు పోయిన వాళ్ళు ఎఫ్ఐఆర్ కాపీ, బాగు చేయించిన బిల్లు జిరాక్సులు తీసుకుని పొద్దున పదింటికల్లా గేటు దగ్గర ఉండండి. ఎఫ్ఐఆర్ రాయించని వాళ్ళు కూడా రండి, అర్జీ నేను రాసి పెడతాను, డబ్బులేం తీసుకోను. గుంటూరు వాళ్ళు అక్కడి కార్పొరేషన్‌లో ఇవ్వాలనుకుంటే కింద కామెంటులో చెప్పండి, అదే కాగితం ఊరు పేరు మార్చి పంపిస్తాను.