ఓడితేనే గిరాకీ

అమెరికాలోని వర్జీనియా తుపాకీ అభిమానిని లోకం సరిగ్గా అర్థం చేసుకోలేదు. ఎన్నికల్లో ఆయన రిపబ్లికన్ పార్టీ ఓడిపోయిందని పేపర్లు రాస్తాయి. నిజానికి ఆయన పార్టీ ఎప్పుడూ ఓడిపోదు. అప్పుడప్పుడు ఓట్లు తక్కువొస్తాయి, అంతే.

2019నే చూడండి. ఆ మే 31న వర్జీనియా బీచ్ మునిసిపల్ భవనంలో ఒక ఉద్యోగి జరిపిన కాల్పుల్లో 12 మంది చనిపోయారు. తుపాకుల్ని కట్టడి చేసే చట్టాల కోసం డెమొక్రాట్ గవర్నర్ రాల్ఫ్ నార్తమ్ జులైలో శాసనసభ ప్రత్యేక సమావేశం పిలిచారు. రిపబ్లికన్లు వచ్చారు, కూర్చున్నారు, గంటన్నరలో లేచి నవంబరు ఎన్నికలయ్యాక చూద్దామన్నారు. ఓటర్లు మర్యాదస్తులు. నవంబరు దాకా ఆగి సెనేట్‌ను 21-19తో, కింది సభను 55-45తో డెమొక్రాట్ల చేతిలో పెట్టారు.

మన అభిమాని దీనికి కారణాలు వెతికాడు. ఆ గంటన్నర అందులో లేదు. తప్పంతా ఉత్తర వర్జీనియాదేనని తేలింది. ఫెయిర్‌ఫాక్స్, లౌడన్ కౌంటీలకు ఎక్కడెక్కడి జనమో, మన తెలుగువాళ్లతో సహా, ఉద్యోగాలకని వచ్చారు. ఇళ్లు కొన్నారు. పన్నులు కట్టారు. అంతటితో ఊరుకోక, పౌరసత్వం రాగానే ఓటు కూడా వేశారు! 2004లో బుష్‌ని గెలిపించిన లౌడన్ 2008లో ఒబామా వైపు వెళ్లింది. తుపాకీ హక్కుల కోసం పోరాడే నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ప్రధాన కార్యాలయం కూడా ఫెయిర్‌ఫాక్స్‌లోనే ఉంది. పక్కింటివాళ్లనైనా ఎందుకు ఒప్పించలేకపోయారని అడగడం సభ్యత కాదు. ఇక రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్ శివార్లలో సిట్టింగ్ రిపబ్లికన్ సెనేటర్‌ని ఓడించిందెవరు? హైదరాబాద్‌లో పుట్టి, కాలేజీలో సాహిత్యం చెప్పుకునే గజాలా హష్మీ. పాఠాలు చెప్పేవాళ్లు ఇలా దెబ్బ కొడతారని ఏ షూటింగ్ రేంజ్‌లోనూ నేర్పరు.

ఓట్లు చేతికి రాకపోయినా మ్యాపు ఉంది. వందకు పైగా కౌంటీలు, పట్టణాలు, తుపాకీ హక్కునిచ్చే రాజ్యాంగంలోని రెండో సవరణకు తాము అండగా ఉంటామని తీర్మానాలు చేశాయి. మ్యాపు చూస్తే రాష్ట్రమంతా వాళ్లదే. ఆవులూ చెట్లూ కూడా ఓటర్ల జాబితాలో ఉంటే ఫలితం వేరేగా ఉండేది.

2020 జనవరి 20న కొత్త చట్టాలొద్దంటూ సుమారు 22 వేల మంది రిచ్‌మండ్‌లో దిగారు. చాలామంది భుజాన పెద్ద పెద్ద రైఫిళ్లు. రోజంతా ప్రశాంతంగా గడిచింది, అది ఒప్పుకోవాలి. అరెస్టయింది ఒకే ఒక్క మహిళ, అదీ ముఖానికి గుడ్డ కట్టుకున్నందుకు. (నాలుగు నెలలు ఆగి ఉంటే ప్రభుత్వమే కట్టుకోమనేది.)

ఏప్రిల్‌లో పిడుగు పడింది, చట్టాలొచ్చాయి. ప్రతి అమ్మకానికీ కొనేవాడి నేర చరిత్ర తనిఖీ తప్పనిసరి, నెలకి ఒక్క చేతి తుపాకీకి మించి కొనకూడదు. అంటే ఏడాదికి పన్నెండే! పండగలకీ పబ్బాలకీ ఖర్చు పోను సంసారికి మిగిలేదెన్ని?

ఇదంతా విని జాలిపడేవాళ్లు ఒకసారి తుపాకుల దుకాణం వైపు కూడా చూడాలి. ఒబామా గెలవగానే ఇంకేముంది, లాక్కుపోతాడని జనం ఎగబడి కొన్నారు. ఎనిమిదేళ్లు గడిచాయి, ఎవరూ రాలేదు. పైగా నేషనల్ పార్కుల్లోకి తుపాకీ తీసుకెళ్లొచ్చనే చట్టం మీద 2009లో ఆయనే సంతకం పెట్టాడు. ఇంతటి నమ్మకద్రోహాన్ని మర్చిపోవడం కష్టం. తర్వాత తమ మనిషి ట్రంప్ గెలిచాడు. భయం పోయింది, భయంతోపాటు గిరాకీ పోయింది. 1816 నాటి రెమింగ్టన్ కంపెనీ 2018 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది. ఆ డిసెంబరులోనే, రైఫిల్‌ని మెషిన్‌గన్ వేగంతో పేల్చే బంప్ స్టాక్‌ను నిషేధించింది కూడా ట్రంప్ ప్రభుత్వమే. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని మనవాళ్లు ఊరికే అనలేదు. కాబట్టి తుపాకీ కంపెనీలు ఇకనుంచి చందాలు డెమొక్రాట్లకే ఇవ్వాలని, వ్యాపార దృష్టితో మాత్రమే, మనవి చేస్తున్నాను.

2021లో రిపబ్లికన్ గ్లెన్ యంగ్‌కిన్ గవర్నర్‌గా గెలిచాడు కదా అంటారేమో. నిజమే. రైఫిల్ అసోసియేషన్ పంపిన ప్రశ్నావళిని ఆయన నింపనే లేదు, అందుకని వాళ్లు మద్దతూ ప్రకటించలేదు. ఈ విజయం మీద విశ్లేషణ మాత్రం మన అభిమాని ఇంకా మొదలుపెట్టలేదు.