టెన్నిస్ వీడియో గేముల్లోని అయస్కాంతం గారికి

మహారాజశ్రీ అయస్కాంతం గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. టెన్నిస్ వీడియో గేముల మీద ఫిర్యాదులున్న వాళ్లంతా తయారీ సంస్థలకో, బొమ్మలు గీసేవాళ్లకో, సర్వర్లు నడిపేవాళ్లకో రాసుకుంటూ ఉంటారు. నేను నేరుగా తమరికే, అంటే ఆటగాణ్ణీ బంతినీ ఒకచోటికి లాగిపెట్టే గేము లోపలి సర్దుబాటుకే, రాస్తున్నాను. గేమ్ చివర తెర మీద పైకి పాకే పేర్ల జాబితాలో తమరి పేరు ఉండదు, అట్ట మీద తమరి బొమ్మ ఉండదు, ప్రచార చిత్రాల్లో తమరి ప్రస్తావన రాదు. అయినా నేను బటన్ నొక్కిన క్షణం నుంచి బంతి రాకెట్టుకు తగిలే క్షణం దాకా కోర్టు మీద అధికారమంతా తమరిదే. ఆటగాడు చేరవలసిన చోటికి చేరకపోతే కాళ్లు కదపకుండానే చేర్చేదీ, రాకెట్టు అందకపోతే చెయ్యి సాగదీసి అందించేదీ, అప్పటికీ కుదరకపోతే బంతినే కాస్త పక్కకు జరిపి సర్దేదీ తమరే కాబట్టి, ఈ ఆటల నాణ్యత గురించీ వీటి భవిష్యత్తు గురించీ మాట్లాడదగిన పెద్దలు తమరు కాక మరెవరున్నారు?

తమరి వంశచరిత్ర తిరగేస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. ఈ కుటుంబంలో మొదటి తరానికి తమరి అవసరమే పడలేదు. 1958లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో విలియం హిగిన్‌బాథమ్ అనే భౌతిక శాస్త్రవేత్త, చూడవచ్చే జనానికి కాలక్షేపంగా ఉంటుందని, ఒక అనలాగ్ కంప్యూటర్‌ను ఆసిలోస్కోప్‌కు (విద్యుత్ సంకేతాలను తెర మీద గీతలుగా చూపే పరికరానికి) కలిపి 'టెన్నిస్ ఫర్ టూ' అనే ఆటను తయారుచేయించాడు. అందులో కోర్టు ఒక గీత, నెట్ మరొక చిన్న గీత, బంతి ఒక వెలుగుచుక్క. ఆటగాడి బొమ్మ లేనే లేదు. కోణం మార్చడానికి ఒక మర, కొట్టడానికి ఒక బటన్ ఉండేవి. చుక్క గురుత్వాకర్షణకు లోబడి వంగేది, నేలను తాకి లేచేది, నెట్‌కు తగిలితే నెట్‌కే తగిలేది. మరుసటి ఏడాది ఆ గురుత్వాకర్షణను చంద్రుడి మీద ఉన్నట్టూ, బృహస్పతి మీద ఉన్నట్టూ మార్చి చూపించారు కూడా. 1972లో వచ్చిన 'పాంగ్'లోనూ అంతే, బంతి తప్పిందంటే తప్పినట్టే. తెర మీదికి కాళ్లూ చేతులూ ఉన్న మనిషి వచ్చాకే చిక్కు మొదలైంది, ఎందుకంటే అడుగు వేయడం, ఆగడం, ఒళ్లు తిప్పడం, చెయ్యి చాచడం, ఇన్నింటినీ ఒక స్టిక్‌తోనూ నాలుగు బటన్లతోనూ చెప్పడం ఎవరి వల్లా కాదు. ఆ ఖాళీలోనే తమరికి ఉద్యోగం దొరికింది.

ఆ ఉద్యోగాన్ని తమరు కొంతకాలం నిజాయితీగానే చేశారు, కాదంటే కళ్లు పోతాయి. 1999లో సెగా సంస్థ ఆర్కేడ్లలోకి, అంటే డబ్బులేసి ఆడే గేము కేంద్రాల్లోకి, తెచ్చిన 'వర్చువా టెన్నిస్' నిలబడ్డ చోటే నేర్చుకుని నిలబడ్డ చోటే ఆడే ఆట, అందులో తమరి సాయం బహిరంగం. 2006లో, చేతిలో పట్టుకున్న రిమోట్‌ను ఊపి ఆడే 'వీ స్పోర్ట్స్' అయితే పరుగు మొత్తాన్ని తమరికి అప్పగించి, చెయ్యి ఊపడం ఒక్కటే మనుషులకు మిగిల్చింది. తాతలూ మనవలూ హాయిగా ఊపుకున్నారు. దాన్ని అచ్చమైన టెన్నిస్ అని ఎవరూ అమ్మలేదు, ఎవరూ కొనలేదు, కాబట్టి మోసపోయిన వాళ్లూ లేరు. ఆ తర్వాత, 'ఇదిగో అసలైన టెన్నిస్' అని చాటుకునే గేములు కూడా తమరినే లోపల గద్దె మీద కూర్చోబెట్టుకోవడంతోనే నా ఈ ఉత్తరానికి పని పడింది.

ఒక్క పాయింటును దగ్గర నుంచి చూడండి. ప్రత్యర్థి కుడి పక్క నుంచి, బయటికి వాలేలా ఒక స్లైస్ సర్వ్ (బంతి పక్కకు వంగేలా కోసినట్టు కొట్టే సర్వ్) వేశాడు. బంతి సర్వీస్ బాక్సు పక్క గీత మీద పడి ఇంకా పక్కకు జారిపోతోంది, నా ఆటగాడు దానికి రెండు గజాల ఎడంగా ఉన్నాడు. నిజమైన కోర్టులో అయితే ఒక పెద్ద అంగ, చాచిన చెయ్యి, రాకెట్టు అంచుకు తగిలి ప్రేక్షకుల్లోకి ఎగిరిన బంతి, అంతటితో ఆ కథ ముగుస్తుంది. తమరి ఏలుబడిలో అలాంటి అప్రతిష్ఠకు తావు లేదు. నా వాడి బూట్లు నేలకు ఆనినవి ఆనినట్టే ఉంటాయి, మడమ కూడా లేవదు, అయినా చక్రాల బల్ల మీద నిలబెట్టిన బొమ్మలా మనిషి మొత్తం పక్కకు జరిగిపోతాడు. జరిగి, భుజం నిండుగా తిప్పి, రెండు పాదాలూ ఊని, శిక్షణ పుస్తకంలో అచ్చు వేయదగ్గ ఫోర్‌హ్యాండ్ కొడతాడు. రీప్లేను నెమ్మదిగా తిప్పి చూస్తే మరో రహస్యం బయటపడుతుంది. రాకెట్టు తీగలకూ బంతికీ మధ్య ఇంకా జానెడు ఖాళీ ఉండగానే బంతి మర్యాదగా వెనక్కి మళ్లింది.

ఇది తమరి దుర్బుద్ధి అని నేను అనను. ఒంటికి గుర్తులు అంటించుకున్న ఆటగాళ్ల కదలికలను కెమెరాలతో పట్టి, ఒక్కో షాట్‌కు ఒక్కో యానిమేషన్ తయారుచేసి పెడతారు. అవి ఎన్ని ఉన్నా లెక్కకు లొంగినవే, బంతి వచ్చే ఎత్తులూ వేగాలూ కోణాలూ లెక్కకు లొంగనివి. అందువల్ల బటన్ పడగానే గేమ్ ఉన్నవాటిలో దగ్గరిదాన్ని ఒకటి ఎంచుకుని, మిగిలిన తేడాను సర్దుబాటు చేయమని తమరికి పురమాయిస్తుంది. తేడా బెత్తెడైతే ఎవరి కంటా పడదు, గజమైతే మా కళ్లను మేమే నమ్మలేం. పైగా ఒకసారి మొదలైన యానిమేషన్ పూర్తయితే గాని వదలదు. ప్రత్యర్థి నెట్ దాటగానే పడిపోయేలా డ్రాప్ షాట్ వేసి, బంతి నెట్ దగ్గర రెండోసారి నేలను తాకబోతున్నా, నా ఆటగాడు ఫాలో-త్రూను (కొట్టాక రాకెట్టు సాగే ఊపును) తీరిగ్గా ముగించి, రాకెట్టును భుజం మీది నుంచి దించి, అప్పుడు పరుగు సంగతి ఆలోచిస్తాడు. అందరాని బంతిని చేతికిచ్చి, అందుకోగలిగిన బంతిని అందుకోనివ్వని తమరి సమదృష్టికి జోహార్లు.

బంతి గతి మరీ దయనీయం. టాప్‌స్పిన్‌తో, అంటే ముందుకు గిర్రున తిరిగేలా, కొట్టిన బంతి గాలిని తోసే తీరు వల్ల కిందికి వంగుతుంది, అందుకే నెట్ మీద ఎత్తుగా వెళ్లి కూడా గీత లోపల వాలుతుంది, నేలను తాకాక ఎగసి భుజాల మీదికి వస్తుంది. ఈ లెక్క నేటి యంత్రాలకు పెద్ద పనేమీ కాదు. అయినా తమరి పాలనలో చాలా చోట్ల వరస తలకిందులైంది. బంతి ఎక్కడ పడాలో ముందు తేల్చి, అక్కడికి చేరే దారిని తర్వాత గీస్తారు. వింబుల్డన్ 2025లో లైన్ జడ్జీలను ఇంటికి పంపి, బంతి ఎక్కడ పడిందో తేల్చే పనిని కెమెరాలకు అప్పజెప్పింది. తమరి కోర్టులో అంత ఖర్చు అనవసరం, తాను ఎక్కడ పడబోతున్నదీ రాకెట్టు వదిలిన క్షణానే బంతికి తెలుసు.

ఇక తప్పుల సంగతి, నా అసలు దుఃఖం ఇదే. 2024 జూన్‌లో డార్ట్‌మత్ కళాశాల స్నాతకోత్సవంలో రోజర్ ఫెదరర్ ఒక లెక్క చెప్పాడు. తాను ఆడిన 1,526 సింగిల్స్ మ్యాచ్‌లలో దాదాపు 80 శాతం గెలిచినా, పాయింట్లలో గెలిచినవి 54 శాతమేనట. అంటే అంతటి మహానుభావుడు నూటికి 46 పాయింట్లు పోగొట్టుకుంటూనే చరిత్రకెక్కాడు. నేనైతే తమరి దయ వల్ల, రెండు బొటనవేళ్లు తప్ప మరో అవయవం కదపకుండా, ప్రపంచ మొదటి ర్యాంకు వాణ్ణి 6-0, 6-0తో ఇంటికి పంపుతున్నాను. సరే, కష్టం స్థాయి పెంచి చూద్దామంటే, ప్రత్యర్థికి పెరిగేది బుద్ధి కాదు, వాడి పక్షాన తమరి ఆకర్షణ బలం. మూలకు కొట్టినా అందుతుంది, తల మీదుగా లాబ్ వేసినా అందుతుంది, నలభై షాట్ల దాకా ర్యాలీ సాగుతూనే ఉంటుంది. నిజమైన టెన్నిస్‌లో అత్యధిక పాయింట్లు నాలుగైదు షాట్లు దాటకుండానే తేలిపోతాయని గుర్తు చేసుకునేలోగా, ఆ మహాయోధుడు నడుమెత్తులో నెమ్మదిగా వచ్చిన అతి తేలికైన బంతిని తీసుకెళ్లి నెట్‌లో కొడతాడు. అలసిపోయాడా, కాదు. గాలి వీచిందా, లేదు. 30-40 దగ్గర గుండె జారిందా, వాడికి గుండె లేదు. తప్పు చేయవలసిన వంతు వచ్చింది, చేశాడు. 2010లో వింబుల్డన్‌లో ఇస్నర్, మహూ అనే ఆటగాళ్లు 11 గంటల 5 నిమిషాలు ఆడి, ఐదో సెట్‌ను 70-68 దగ్గర ముగించారు. ఈ వంతుల ఏర్పాటు లేకుండా తమరి శిష్యులిద్దరిని ఎదురెదురుగా నిలబెడితే ఆ పాయింటు ఈపాటికి ఇంకా నడుస్తూ ఉండేది.

మట్టి కోర్టు గురించీ గడ్డి కోర్టు గురించీ ఎక్కువ చెప్పను. బంతి లేచే ఎత్తు, పాదం జారే తీరు రెండింటినీ తమరే సర్దేస్తుంటే మాకు మిగిలేది రంగు తేడా.

ఆన్‌లైన్ ఆటలో మాత్రం తమరికి కొంత మినహాయింపు ఇవ్వక తప్పదు. గంటకు 200 కిలోమీటర్ల సర్వ్ అవతలి బేస్‌లైన్ చేరడానికి అర సెకను, మహా అయితే మరికాస్త పడుతుంది. సెకనుకు 60 ఫ్రేములు గీసే తెర మీద అది ముప్పై ఫ్రేముల పైమాట. నెట్‌వర్క్ పదో వంతు సెకను ఆలస్యం చేసిందంటే అందులో ఆరు ఫ్రేములు నా కంట పడకముందే హరించుకుపోతాయి. ఆ నష్టాన్ని పూడ్చడానికి ఎవరో ఒకరు బంతిని రాకెట్టు దాకా తేవాలి, ఆ పనికి తమరిని పెట్టుకోవడం న్యాయమే. కానీ ఇంట్లో ఒంటరిగా, నెట్‌వర్క్ తీగ కూడా తగిలించకుండా ఆడుకుంటున్నప్పుడు సైతం అదే మోతాదులో సేవ చేయడం ఎందుకో అర్థం కాదు.

భవిష్యత్తు గురించి తమరి యజమానుల అభిప్రాయాన్ని వాళ్లు ఊరించే సరుకే చెబుతుంది. 2011 నాటి 'టాప్ స్పిన్ 4' తర్వాత ఆ వరసలో మరో గేమ్, 'టాప్‌స్పిన్ 2కె25', రావడానికి 13 ఏళ్లు పట్టింది. 2024లో వచ్చిన దానిలో నాలుగు గ్రాండ్ స్లామ్‌లూ ఉన్నాయి, ఫెదరర్, సెరెనా ఉన్నారు, విడుదలైన నాడు జొకోవిచ్ లేడు. అదే ఏడాది పూర్తిస్థాయిలో విడుదలైన 'టైబ్రేక్' ఏటీపీ (మగవాళ్ల సర్క్యూట్), డబ్ల్యూటీఏ (ఆడవాళ్ల సర్క్యూట్) సంస్థల అధికారిక గేమ్, అందులో జొకోవిచ్ ఉన్నాడు. టెన్నిస్‌లో హక్కులన్నీ ఒకే గుమ్మం దగ్గర దొరకవు. పెద్ద టోర్నమెంట్లు ఎవరివి వాళ్లవి, మగవాళ్ల సర్క్యూట్ ఒకరిది, ఆడవాళ్ల సర్క్యూట్ ఇంకొకరిది, పేరున్న ఆటగాడి ముఖానికి మళ్లీ వేరే ఒప్పందం. దాంతో కొనేవాళ్ల మధ్య వాదమంతా ఎవరి ముఖం ఎవరి దగ్గరుందన్న దాని చుట్టూనే తిరుగుతుంది. జొకోవిచ్‌ను జొకోవిచ్‌గా చేసినవి సర్వ్‌ను తిప్పికొట్టే చేతులూ, ఎంత దూరపు బంతికైనా సాగి నిలదొక్కుకునే కాళ్లూ. ముఖం డబ్బిచ్చి తెచ్చుకున్నా, కింద కాళ్లు తమరివే అయినప్పుడు ఆ ముఖాన్ని ఏం చేసుకోను? చెమట చుక్కలు మెరుస్తాయి, చొక్కా మడతలు గాలికి కదులుతాయి, కొత్త బూట్లు దుకాణంలో అమ్మకానికి ఉంటాయి. ఆ బూట్లకు నేలతో మాత్రం సంబంధం లేదు.

తమరు లేనిదే రోజు గడవదనుకునే వాళ్లకు జవాబు ఇప్పటికే ఉంది. మానా గేమ్స్ అనే చిన్న సంస్థ చేసే 'టెన్నిస్ ఎల్బో' వరసలో బొమ్మలు మోటుగానే ఉంటాయి గాని, ఎక్కడ నిలబడి కొట్టాననేది లెక్కలోకి వస్తుంది. 'టాప్‌స్పిన్ 2కె25'లో సైతం బటన్‌ను వదిలే క్షణాన్ని బట్టి షాట్ మంచీ చెడూ తేలుతుంది. అది సరైన దారి. వేలికి ఇచ్చిన ఆ బాధ్యతను కాలికి కూడా ఇవ్వమనే నేను అడిగేది. ఆలస్యంగా చేరితే పాదాలు కుదరకుండానే కొట్టనివ్వండి, అలా కొట్టిన బంతిని బలహీనంగా పోనివ్వండి, రెండు గజాల దూరంలో ఉంటే గాలిని కొట్టనివ్వండి. కంప్యూటర్ ఆటగాడి తప్పును కూడా వంతు ప్రకారం కాక, నేను వాణ్ణి పరుగెత్తించిన దాన్ని బట్టి రానివ్వండి.

తలకు కళ్లజోడు తగిలించుకుని ఆడే వర్చువల్ రియాలిటీ వస్తే తమ పని అయిపోతుందని తమరు దిగులు పడనక్కర్లేదు. చెయ్యి నిజంగానే ఊపుతాం, కానీ 23.77 మీటర్ల పొడవు కోర్టు ఏ గదిలోనూ పట్టదు, కాబట్టి కాళ్ల పని మళ్లీ తమరి దగ్గరికే వస్తుంది. తమరిది శాశ్వత ఉద్యోగం, అందుకే రాజీనామా అడగడం లేదు. సెట్టింగుల పేజీలో తమరి బలాన్ని సున్నా దాకా తగ్గించుకునే ఒక అమరిక పెట్టించండి, ఆన్‌లైన్‌లో ఒకే మోతాదు ఎంచుకున్న వాళ్లను ఒకరితో ఒకరిని ఆడించండి.

ఇట్లు,
బంతిని తప్పే హక్కు కోరుతున్న తమరి విధేయుడు

తా.క.: ఆ అమరికను బూట్ల పక్కన దుకాణంలో పెట్టి అమ్మకండి.