నో కాస్ట్ ఈఎంఐ గారికి, ఎయిర్ ఫ్రయ్యర్ కొన్న ఇల్లాలు రాయునది

గౌరవనీయులైన నో కాస్ట్ ఈఎంఐ గారికి,

నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. మీ కుశలానికి లోటేం లేదు గానీ, మా కుశలం మాత్రం ప్రతి నెలా 5వ తేదీ దాకానే. ఆ రోజు మీరొచ్చి 1,500 పట్టుకెళతారు.

మన పరిచయం మీకు గుర్తుండకపోవచ్చు, తిరిగే కొంపలు ఎక్కువ కదా. మార్చిలో ఒక రాత్రి 11.40కి, పిల్లాణ్ణి పడుకోబెట్టి, నిద్ర పట్టడానికి ఫోన్ తీశాను. (నిద్ర పట్టడానికే తీస్తాం, ఏం చేస్తాం.) ఎయిర్ ఫ్రయ్యర్ కనిపించింది. 9,000. 'అమ్మో' అనుకుని పైకి జరిపేయబోతుంటే దాని కిందే పచ్చ అక్షరాల్లో మీరు: నెలకు 1,500 మాత్రమే, వడ్డీ లేదు. తొమ్మిది వేలకి 'అమ్మో' అన్న నోటితోనే పదిహేను వందలకి 'అంతేగా' అన్నాను. ఆ రెండు మాటల మధ్య నాలుగు సెకన్లు కూడా లేవు. ఓటీపీ సైతం నాకు శ్రమ లేకుండా ఫోనే చదివి నింపేసుకుంది.

వచ్చిన ఆదివారమే నూనె లేని మిరపకాయ బజ్జీ వేశాను. పిండంతా జాలీలోంచి కారి అడుగున అట్టులా పేరుకుంది, పైన మిరపకాయలు బట్టల్లేకుండా మిగిలాయి. తర్వాత అమ్మ తెనాలి నుంచి వస్తే గొప్పగా అప్పడం వేసి చూపించాను. లోపలి గాలికి అది లేచి, పైనున్న కాయిల్‌కి అతుక్కుని మాడింది. "గాల్లో ఎగిరే అప్పడానికి తొమ్మిది వేలా అమ్మాయ్?" అంది. "తొమ్మిది వేలు కాదమ్మా, వడ్డీ లేకుండా నెలకి పదిహేను వందలే" అన్నాను. అమ్మ కళ్లజోడు పెట్టుకుని కార్డు బిల్లు చూపించమంది.

అక్కడ బయటపడింది మీ బండారం. ధరలో డిస్కౌంటు అని 381 రూపాయలు తగ్గించారు, వడ్డీ అని ఆ 381 మళ్లీ వసూలు చేశారు. సరే, చెల్లుకి చెల్లు. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, 69. ప్రాసెసింగ్ ఫీజు 199. దాని మీద జీఎస్టీ 36. వెరసి 304. ఒకేసారి కట్టినవాళ్లకి ఆ రోజు 500 తగ్గింపు కూడా ఉందట, మీ చెయ్యి పట్టుకున్న పాపానికి అది నాకు దక్కలేదు. ఖర్చు లేని మీ స్నేహానికి నాకైన ఖర్చు 804 రూపాయలు.

మీ సంగతి రిజర్వు బ్యాంకుకి ఎప్పుడో తెలుసు. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని, వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు రూపంలో దాచిపెడుతున్నారని 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు సర్క్యులర్ పంపింది. అప్పట్లో మీ పేరు జీరో పర్సెంట్. వరసగా ఫ్లాపులొచ్చిన హీరో న్యూమరాలజీ చూపించుకున్నట్టు పేరు మార్చుకొచ్చారు. మీకు మాత్రం బాగానే కలిసొచ్చింది.

మా చిన్నప్పుడు మా వీధికి ఒక ఇన్‌స్టాల్‌మెంటు మామయ్య వచ్చేవాడు. సైకిలు వెనక దుప్పట్లు, చీరలు, స్టీలు బిందెలు. ఆయనా వాయిదాల మీదే ఇచ్చేవాడు, ధర కాస్త ఎక్కువే వేసేవాడు, మహానుభావుడేమీ కాదు. కానీ ఎండలో సైకిలు తొక్కుకుంటూ వచ్చి గుమ్మం ముందు నిలబడాలి. అమ్మ ఆ చీర అంచు పట్టుకు చూసి, పక్కింటి పిన్నిని పిలిచి, ఇద్దరూ పెదవి విరిచి, "వచ్చే వారం చూద్దాంలే" అనేవారు. డబ్బులు సర్దని వారం "అమ్మ లేదని చెప్పు" అని నన్ను పంపేది. ఆయన నవ్వి వెళ్లిపోయేవాడు. మీకు నేను లేనని ఎవరితో చెప్పించను? దిండు కిందే కాపురం పెట్టారు.

ఫ్రిజ్ కోసం అమ్మ ఇరవై నెలలు చిట్టీ కట్టింది. మధ్యలో పాట పాడేద్దామని మూడుసార్లు అనుకుని, తరుగు పోతుందని మానుకుంది. ఆ ఇరవై నెలల్లో ఫ్రిజ్‌తో పాటు కుట్టుమిషను, వీసీఆరు కూడా కావాలనుకుందట. డబ్బు చేతికొచ్చేసరికి ఆ రెండింటి మీదా మోజు పోయింది, ఫ్రిజ్ ఒక్కటే మిగిలింది. మీరు నా దగ్గర్నుంచి పట్టుకెళ్లింది ఆ ఇరవై నెలలండీ. 804 ఎలాగోలా సర్దుకుంటాను.

అందుకని మా ఇంట్లో కొత్త పంచాంగం అమల్లోకి వచ్చింది. రాత్రి 10 దాటితే ఫోన్‌లో కొనుగోళ్లకి వర్జ్యం. కార్డు నంబరు యాప్‌లోంచి తీసేశాను, కొనాలంటే లేచి బీరువా తెరవాలి. బీరువా తలుపు కిర్రుమంటుంది, మా ఆయన లేస్తారు, పరువు పోతుంది. కావాలనిపించినదల్లా గోడ మీది కేలెండరులో ఆ తేదీ గడిలో రాస్తాను, నెల తిరిగాక చూస్తాను. ఇప్పటికి పదకొండు రాశాను. కొన్నది పెనం ఒక్కటే, పాతదాని పిడి ఊడింది కాబట్టి. జూన్ 14 గడిలో 'మ్యాజిక్ రోలరు' అని నా దస్తూరీతోనే ఉంది. అదేమిటో, దేనికో ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు.

సెప్టెంబరు 5న మీకు చివరి కిస్తీ ముడుతుంది. అక్టోబరు నుంచి ఆ 1,500 పోస్టాఫీసు ఆర్‌డీకి. ఐదేళ్లలో 90,000 కడితే, 6.7 శాతం వడ్డీతో 1,07,000 పైచిలుకు వస్తాయని కౌంటరులో పెద్దాయన కాగితం మీద లెక్కేసి చూపించాడు. 'ఇంకా 2 మాత్రమే మిగిలాయి' అని కంగారు పెట్టలేదు. ఫారం నింపడానికే పావుగంట పట్టేట్టుంది. ఆ పావుగంటలో మీరైతే నాకు నాలుగు ఫ్రయ్యర్లు అంటగట్టేవారు.

ఇట్లు,
సెప్టెంబరు 5 దాకా మీ విధేయురాలు

తా.క.: ఫ్రయ్యర్ జాలీలో ప్రస్తుతం ఉల్లిపాయలు పోస్తున్నాను. ఆ ముక్క అమ్మతో ఫోన్‌లో అన్నానో లేదో, ఉల్లిపాయలకు గాలి తగిలే స్టీలు బుట్ట, మూడు కిస్తీల్లో, అని ఫోన్‌లో ప్రకటన వచ్చింది. కేలెండరులో రాశాను.